పురుగుమందు డబ్బా మీద ఏం చదవాలి? లేబుల్‌లో లేని పంటకు కొడితే ఏమవుతుంది?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, మిగతావాళ్లకూ సంగతి తెలుస్తుంది. చండూరు దగ్గర మీకు చెలకలో పత్తి, బోరు కింద ఎకరంన్నర వరి, కొంచెం మిరప ఉన్నాయి. పురుగు పడిందని మీ నాయన దుకాణానికి పోతే మూడు సీసాలు ఇచ్చారు. ఒకదాని మీద ఆకుపచ్చ గుర్తు ఉంది, అది క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ అని రాశారు. రెండోదాని మీద పసుపు గుర్తు. మూడోదాని మీద ఏ గుర్తూ లేదు, పెద్దక్షరాల్లో ‘బయో’ అని, కింద ‘పూర్తిగా సురక్షితం’ అని ఉంది. పచ్చ గుర్తుది ఏమీ చేయదు, మూడు పంటలకూ ఎప్పుడైనా కొట్టుకోవచ్చని దుకాణంలో చెప్పారు. ఆ మాట నమ్మొచ్చా, లేబుల్ మీద లేని పంటకు కొడితే కేసవుతుందా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. మూడో సీసా మూత తీయకండి. మిగతా రెండింటి విషయంలో రంగు చూసి నిర్ణయం తీసుకోవద్దు. డబ్బాతో పాటు ఒక మడత కాగితం వస్తుంది. అందులో మీ పంట పేరు, మీ చేలో ఉన్న పురుగు పేరు ఒకే వరుసలో ఉన్నాయా అని చూడండి. ఉంటే ఆ వరుసలో ఉన్న మోతాదు, ఆ వరుసలోనే చివర ఉన్న రోజుల సంఖ్య, అంటే చివరిసారి కొట్టాక కోతకు ఆగాల్సిన రోజులు, పాటించండి. లేకపోతే మీ పంటకు సంబంధించినంత వరకు అది మందే కాదు, ఎంత ఖరీదైనదైనా సరే.

వ్యవసాయ శాఖలో నల్లగొండ, పాలమూరు మండలాల్లో ఏఓగా, అంటే వ్యవసాయ అధికారిగా పనిచేశాను. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు పురుగుమందుల ఇన్‌స్పెక్టర్ బాధ్యత కూడా ఉంటుంది. దుకాణాల్లో తనిఖీ చేయడం, నమూనాలు తీయడం, చేలమీద పడిపోయినవాళ్ల వెంట ఆసుపత్రికి పోవడం, అన్నీ చూశాను. చెప్పేది ఆ అనుభవంతోనే.

కేసు సంగతి ముందు. మన దేశంలో పురుగుమందులకు 1968 నాటి చట్టం, 1971 నాటి నిబంధనలు ఉన్నాయి. ఆ చట్టం 38వ సెక్షన్ ప్రకారం రైతు తన సాగులో ఉన్న భూమిలో వాడుకునేదానికి చట్టం వర్తించదు. కాబట్టి మీ మిరపకు లేబుల్‌లో లేని మందు కొట్టారని మీ మీద ఈ చట్టం కింద కేసు పెట్టరు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి ‘ఏం కాదులే’ అంటారు. కానీ పంట మీ చేను దాటి మార్కెట్‌కు వచ్చిందంటే అది ఆహారం. ఆహారంలో మందు అవశేషం ఎంతవరకు ఉండొచ్చో ఆహార భద్రతా సంస్థ పరిమితులు పెట్టింది. ఏ పంటకు ఏ మందు పరిమితి ప్రత్యేకంగా పెట్టలేదో అక్కడ సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్క పడుతుంది, అంటే దాదాపు ఏమీ ఉండకూడదని. ఆ పంటకు రిజిస్టర్ కాని మందు కొడితే మీరు ఎన్ని రోజులు ఆగాలో ఎవరూ పరీక్ష చేసి ఉండరు. మిరప ఎగుమతి కొనుగోలుదారులు నమూనా తీసి వెనక్కి పంపితే నష్టం పూర్తిగా రైతుదే. పైగా పంట మాడిపోతే కంపెనీని అడిగే దారి కూడా మూసుకుపోతుంది, వాళ్లు ముందు చూపించేది ఆ కాగితాన్నే.

అమ్మేవాళ్లకు మాత్రం ఈ మినహాయింపు లేదు. రిజిస్ట్రేషన్ లేని మందు, గడువు తీరిన మందు, లేబుల్ చింపిన మందు, లైసెన్సు లేకుండా మందు అమ్మడం నేరమే. బిల్లు ఇవ్వకపోవడం కూడా నిబంధనలకు విరుద్ధమే.

ఇప్పుడు మీ పచ్చ గుర్తు సీసా. డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక. ఎరుపు అంటే అత్యంత విషం, పుర్రె గుర్తు, ఎర్రని అక్షరాల్లో ‘పాయిజన్’ ఉంటాయి. పసుపు అంటే తీవ్ర విషం, దానిమీదా ‘పాయిజన్’ ఉంటుంది. నీలం మీద ‘డేంజర్’, ఆకుపచ్చ మీద ‘కాషన్’. ఈ విభజన ఎలా చేశారంటే, ప్రయోగశాలలో జంతువుల నోట్లోకి పోయినప్పుడు కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములతో సగం చనిపోతాయో చూస్తారు. 50 లోపు ఎరుపు, 51 నుంచి 500 పసుపు, 501 నుంచి 5000 నీలం, ఆ పైన ఆకుపచ్చ. చర్మం మీద పడితే ఎంత విషమో దానికి వేరే లెక్క ఉంది.

అంటే ఆ రంగు ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఏమవుతుందో మాత్రమే చెప్తుంది. పురుగు మీద ఎంత బలంగా పనిచేస్తుందో చెప్పదు. గింజలో, కాయలో ఎన్నాళ్లు మిగిలి ఉంటుందో చెప్పదు. తేనెటీగలకు, చేపలకు ఏం చేస్తుందో చెప్పదు. మనవైపు రైతులు, అమ్మేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మీ క్లోరాంట్రానిలిప్రోల్‌నే తీసుకోండి. ఆకుపచ్చ గుర్తుదే. దాని కాగితంలో వరి ఉంది, కాండం తొలిచే పురుగుకు, ఆకుముడత పురుగుకు. పత్తి ఉంది, మిరప ఉంది, కంది కూడా ఉంది. కాబట్టి మూడు పంటలకూ పనికొస్తుందన్న మాట ఈ ఒక్క సీసా వరకు నిజమే. కానీ ‘ఎప్పుడైనా’ అన్నది తప్పు. చివరిసారి కొట్టిన రోజు నుంచి కోత దాకా ఆగాల్సిన గడువు మిరపకు 3 రోజులు, పత్తికి 9, కందికి 29, వరికి 47 రోజులు. మందు ఒకటే, సీసా ఒకటే, రంగు ఒకటే, గడువు మాత్రం పంటను బట్టి ఇంత తేడా. నవంబర్ 20న మీరు వరి కోస్తారనుకుంటే అక్టోబర్ 4 తర్వాత ఆ మందు మీ మడిలో పడకూడదు. పొట్ట దశ దాటాక గింజ పట్టని తెల్లకంకి కనపడిందని పరుగెత్తి కొట్టేవాళ్లను సాగర్ ఆయకట్టులో ప్రతి ఏడూ చూశాను. తెల్లకంకి కనపడే సరికి పురుగు తన పని చేసేసింది, ఆ కంకి మళ్లీ పచ్చబడదు. ఖర్చూ వృథా, బియ్యంలో మందూ మిగులుతుంది.

పురుగు పేరు కూడా చూడమన్నదానికి కారణం ఉంది. క్లోరాంట్రానిలిప్రోల్ గొంగళి రకం పురుగుల మందు. పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగులు ఆకు రసం పీలుస్తుంటే దీన్ని కొట్టి లాభం లేదు. వరిలో సుడిదోమకూ అంతే. ‘పురుగు పడింది’ అని మాత్రమే దుకాణంలో చెప్తే వాళ్లకు మార్జిన్ ఉన్న సీసా చేతికొస్తుంది. ఆకు తెంపి తీసుకుపోండి, ఇంకా మంచిది ముందుగా మీ క్లస్టర్ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఫోన్‌లో ఫొటో పంపండి.

మోతాదు దగ్గర ఇంకో చిక్కుంది. కాగితంలో మోతాదు హెక్టారుకు రాస్తారు, మనం ఎకరంలో లెక్కేస్తాం, కొట్టేది పంపుల్లో. హెక్టారు అంటే రెండున్నర ఎకరాలు. ఈ మందు పత్తికి, వరికి, మిరపకు హెక్టారుకు 150 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లు. రెండున్నరతో భాగిస్తే ఎకరానికి 60 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్లు. 16 లీటర్ల పంపు అయితే పన్నెండు పదమూడు పంపులు, పంపుకు సుమారు 5 మిల్లీలీటర్లు. ఇప్పుడు కూలికి వచ్చినవాళ్లు ఆరేడు పంపుల్లోనే ఎకరం అయిపోయిందంటారు. పంపుకు 5 లెక్కనే పోస్తే చేనుకు పడేది సగం మోతాదు. సగం చచ్చి సగం బతికిన పురుగులే తర్వాత మందుకు లొంగకుండా తయారవుతాయి. తక్కువ నీళ్లతో కొట్టే యంత్రమైతే పంపుకు ఎంత అన్నది మారుతుంది, ఎకరానికి ఎంత అన్నది మారదు. అందుకని ఎప్పుడూ ఎకరం లెక్క ముందు, పంపు లెక్క తర్వాత. మూత కొలతలు నమ్మొద్దు, సీసా సీసాకు మూత సైజు వేరు. గీతలున్న కొలత గ్లాసు చవకగా దొరుకుతుంది.

పసుపు గుర్తు సీసా పేరు మీరు రాయలేదు. దానికి పద్ధతి చెప్తాను. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్ని వదిలేయండి. కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు, శాతం, మందు ద్రవమా గుళికా అన్న రూపం చెప్పే ఎస్‌ఎల్, ఎస్‌సీ, ఈసీ, డబ్ల్యూజీ లాంటి రెండు మూడక్షరాలు ఉంటాయి. ఈ మూడూ కలిస్తేనే అది ఫలానా మందు. ఇమిడాక్లోప్రిడ్ సంగతి చూడండి. 17.8 ఎస్‌ఎల్ అయితే పత్తికి ఎకరానికి 40 నుంచి 50 మిల్లీలీటర్లు. అదే ఇమిడాక్లోప్రిడ్ 70 డబ్ల్యూజీ అయితే 12 నుంచి 14 గ్రాములు చాలు. నిరుడు ద్రవం వాడిన అలవాటుతో ఈ ఏడు గుళికను 50 గ్రాములు పోస్తే మూడు రెట్లకు పైగా పడుతుంది. ఇంకో సంగతి, రెండు వేరు వేరు కంపెనీల సీసాలు కలిపి కొట్టమని ఇస్తే రెండింటిలోనూ అసలు మందు ఒకటే అయి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఆ చిన్న అక్షరాలు చదివితే ఒక సీసా డబ్బులు మిగిలేవి.

ఇక మూడో సీసా. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన జిల్లాల్లో రైతు నష్టపోయేది ఎక్కువగా ఇలాంటి సీసాలతోనే.

పురుగును గానీ తెగులును గానీ గడ్డిని గానీ చంపుతుందని చెప్పి అమ్మే ఏ మందుకైనా ఫరీదాబాద్‌లో ఉన్న కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ కమిటీ నంబర్ ఉండాలి. లేబుల్ మీద అది ‘సీఐఆర్’ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆ నంబర్ కంపెనీకి, ఆ మందుకు, ఆ శాతానికి కలిపి ఇస్తారు. ఒకే మందును పది కంపెనీలు అమ్మితే పది నంబర్లుంటాయి. కంపెనీ ఆ మందు ఏ పంట మీద, ఏ పురుగు మీద, ఎంత మోతాదులో పనిచేస్తుందో, అవశేషం ఎన్నాళ్లుంటుందో లెక్కలు చూపిస్తే కమిటీ అంతవరకే అనుమతిస్తుంది. కాగితంలో పంటల పట్టిక పుట్టేది అలా. బయో అన్నా సరే మినహాయింపు లేదు. వేప నూనెతో చేసే అజాడిరాక్టిన్, సూక్ష్మజీవులతో చేసే ట్రైకోడెర్మా, సూడోమోనాస్, బీటీ మందు, అన్నింటికీ సీఐఆర్ నంబర్ ఉండాల్సిందే. నిజమైన బయో మందులు మంచివే, నేను వాడమనే చెప్తాను, నంబర్ ఉంటే.

మరి ఈ నంబర్ లేని సీసాలేమిటి? మొక్క పెరుగుదలకు, పూత రావడానికి అని అమ్మేవి కొన్ని. వాటికి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద వేరే దారి ఉంది, కానీ ఆ దారిలో వచ్చినవాటిని పురుగుమందుగా అమ్మకూడదు. ఇంకొన్ని ఏ చట్టం కిందా లేనివి. ‘కొట్టిన గంటలో పురుగు రాలింది’ అని రైతులు మెచ్చుకున్న బయో సీసా నమూనా ల్యాబ్‌కు పంపితే మామూలు రసాయన మందు బయటపడిన సందర్భాలు నా సర్వీసులో ఉన్నాయి. లోపల ఏముందో, ఎంతుందో, విరుగుడు ఏమిటో, ఎన్ని రోజులు ఆగాలో ఎవరికీ తెలియదు. కొట్టే మనిషి మూతికి గుడ్డ కూడా కట్టుకోడు, బయో కదా అని. నన్ను భయపెట్టేది అదే.

‘పూర్తిగా సురక్షితం’ అన్న మాట ఉందన్నారు. 1971 నిబంధనల్లో స్పష్టంగా ఉంది, పురుగుమందు లేబుల్ మీద సురక్షితం, విషం కాదు, హాని లేదు అన్న మాటలు రాయకూడదు. ‘చెప్పినట్టు వాడితే’ అని ముందు తగిలించినా కుదరదు. కాబట్టి ఆ మాట కనపడితేనే అనుమానించాలి.

లేబుల్ మీద ఇంకా ఏం ఉండాలంటే తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబర్, తయారైన తేదీ, గడువు తేదీ, నికర పరిమాణం, విరుగుడు. ఇంగ్లిష్, హిందీతో పాటు అమ్మే ప్రాంతం భాష ఉండాలి, అంటే మనకు తెలుగు. తెలుగు లేదంటే ఆ సరుకు ఇంకో రాష్ట్రం కోసం తయారై ఇటు వచ్చి ఉండొచ్చు. అక్షరాలు మరీ చిన్నగా ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి.

సీసాలోంచి పావు లీటరు తీసి వేరే బాటిల్‌లో లూజుగా పోసి ఇస్తే మాత్రం తీసుకోకండి. లేబుల్ లేకుండా అమ్మడమే నిబంధనలకు విరుద్ధం. కూల్‌డ్రింక్ సీసాలో పోసిన గడ్డి మందును పిల్లలు తాగిన ఘటనలు పల్లెల్లో అందరికీ తెలుసు. పారాక్వాట్ అనే గడ్డి మందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని మీద ఉండేది ఎరుపు కాదు, పసుపు గుర్తు. అయినా దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, కొంచెం లోపలికి పోయినా ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. రంగు చూసి ధైర్యం తెచ్చుకోవద్దని మళ్లీ మళ్లీ అనేది ఇలాంటివి చూసే.

అనుమతులు మారుతుంటాయి. నిరుడు సరైన మందు ఈ ఏడు నిషేధంలో ఉండొచ్చు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయాయి. పత్తి కాండానికి పూయడానికి పాలమూరులో ఇంటింటా ఉండే మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద 2005లోనే నిషేధించారు, 36 ఎస్‌ఎల్ రూపంలో ఉన్నదాన్ని 2023లో మొత్తంగానే తీసేశారు, అప్పటికే ఉన్న సరుకు గడువు తీరేదాకా మాత్రం వీలిచ్చారు. ఆ ఏడాది ఉత్తర్వులోనే క్లోర్‌పైరిఫాస్‌ను నిమ్మ జాతి పంటలకు తీసేశారు. నల్లగొండ బత్తాయి తోటల వాళ్లు, నకిరేకల్ నిమ్మ రైతులు ఇది గమనించాలి, పాత లేబుల్‌లో పంట పేరున్నా ఇప్పుడు చెల్లదు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందుకు లేబుల్‌లో ఉన్నది తేయాకు తోటలు, పంట లేని జాగాలు. పత్తిలో కొడుతున్నారంటే అది ఆ గడ్డి మందును తట్టుకునే, అనుమతి లేని విత్తనం మీద కొట్టడమే. 2022 అక్టోబర్ ఉత్తర్వు ప్రకారం దాన్ని లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలి.

ఇవన్నీ సరిచూసుకోవడానికి కేంద్ర సస్యరక్షణ డైరెక్టరేట్ వాళ్ల పీపీక్యూఎస్ వెబ్‌సైట్‌లో పురుగుమందులు, తెగులు మందులు, గడ్డి మందులకు వేరు వేరుగా పంటల పట్టికలు, నిషేధించినవాటి జాబితా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఉంటాయి, మీరు చదవగలరు, మీ నాయనకు ఒక్క వరుస చదివి చెప్తే చాలు. లేదంటే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కు తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు దగ్గరలో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పాలమూరు వైపు వాళ్లకు పాలెం పరిశోధన స్థానం ఉంది.

రెండు మూడు మందులు కలిపి కొట్టడం గురించి ఎవరో కింద అడిగారు. కాగితంలో కలపొచ్చని రాసి ఉంటే తప్ప కలపకండి. కంపెనీయే రెండు మందులు కలిపి రిజిస్టర్ చేసినవి వేరు, మనం డ్రమ్ములో కలిపేవి వేరు.

కొట్టేటప్పుడు ఒళ్లంతా కప్పే బట్టలు, చేతి తొడుగులు, మాస్కు, కళ్లద్దాలు, గాలికి ఎదురుగా కొట్టకపోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. పత్తి భుజాల దాకా పెరిగాక మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి, మందు మొఖానికే తగులుతుంది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ పలువురు రైతులు, కూలీలు చనిపోయారు. మనవైపూ అదే పంట, అదే ఉక్కపోత. ఎవరికైనా తల తిరిగి, చెమటలు పట్టి, నోట్లో నీళ్లూరితే వెంటనే బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడిగి 108కి ఫోన్ చేయండి. సీసాను గానీ కాగితాన్ని గానీ తప్పకుండా వెంట తీసుకుపోండి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివాటికి విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు, వేరే రకాలకు అది పనికిరాదు. ఒకసారి స్పృహ లేని కూలీని తీసుకుపోతే డాక్టర్ మొదట అడిగింది ఏం మందని. వెంట ఉన్నవాళ్లకు తెలిసింది ‘ఎర్ర డబ్బా’ అని మాత్రమే. ఇంకొకరు బండి మీద చేనుకు పోయి డబ్బా తెచ్చేదాకా ఆ డాక్టర్ లక్షణాలను చూసే వైద్యం మొదలుపెట్టాల్సి వచ్చింది. మనిషి బతికాడు. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబర్ మీ ఏరియా ఆసుపత్రి వాళ్లకూ ఉపయోగపడుతుంది. వాంతి చేయించే ప్రయత్నం మీ అంతట మీరు చేయకండి. కొన్ని మందులకు అది ఇంకా ప్రమాదం, కాగితంలో ఆ మాట రాసి ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. బిల్లు ఉందా చూడండి. లేకపోతే ఆ దుకాణానికి పోయి, మందు పేరు, బ్యాచ్ నంబర్ వేసి బిల్లు ఇవ్వమనండి. గొడవ పడాల్సిన పని లేదు, అది మీ హక్కు. మూడో సీసాకు బిల్లు రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే. సీలు తీయకుండా దాన్ని, బిల్లు నకలును మీ మండల ఏఓకు చూపించండి. ఆయన దుకాణంలో ఉన్న అదే బ్యాచ్ నుంచి నమూనా తీస్తారు. మూడు భాగాలు చేసి ఒకటి దుకాణదారుకు, ఒకటి ల్యాబ్‌కు, ఒకటి కోర్టు కోసం ఉంచుతారు. ల్యాబ్ 30 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. మీరు తీసుకుపోయిన సీసా సమాచారం కింద పనికొస్తుంది, కేసు నిలబడేది ఆయన తీసిన నమూనా మీద. అందుకని ఆలస్యం చేయొద్దు, సరుకు అమ్ముడైపోతే తీయడానికి ఏమీ మిగలదు.

పసుపు సీసా మీద అసలు మందు పేరు, శాతం, కాగితంలో పంటల పట్టిక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మిరప కాయ కోతకు ఇంకా ఎన్ని రోజులుందో కూడా రాయండి. కొట్టొచ్చో లేదో చెప్తాను.